సన్నీసైడ్ ఒడ్డున ఒక గుమాస్తా

మంగళంపల్లి వారి తిల్లానాల మీద కిందటి నెల రాసింది చదివి ఎరిన్ మిల్స్ నుంచి ఒక సోదరి ఫోను చేశారు. బాగుందన్నారు. ఆ వెంటనే, "అన్నయ్యగారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మనం ఈ వూరొచ్చి నలభయ్యేళ్ళు దాటింది. మీరు ఎప్పుడు చూసినా మద్రాసు రికార్డులే చెబుతారు. ఇక్కడివాళ్ళు ఇక్కడి సంగతి పాడిన రికార్డు, మనబోటివాళ్ళం మొదటినుంచి చివరిదాకా కూర్చుని వినదగ్గది, ఒక్కటి కూడా లేదా? మా అబ్బాయి వుందంటాడు. వాడు పెట్టింది వంటింట్లోంచి విన్నాను. కుక్కరు కూత ఏదో, పాట ఏదో తెలియలేదు," అన్నారు.

అబ్బాయి పెట్టిన రికార్డేమిటని అడిగాను. 'మెట్రో మ్యూజిక్' అట. మార్తా అండ్ ది మఫిన్స్ అనే టొరంటో బృందం 1980లో తెచ్చిన మొదటి ఎల్పీ. అబ్బాయి మాట నిజం. ఆ రికార్డు నా దగ్గరా వుంది, చాలాసార్లు విన్నాను. కాబట్టి ఈ నెల శీర్షిక ఆవిడ కోసమే. కుక్కరు దించి, పొయ్యి ఆపి వినమని మాత్రం మనవి.

ఈ రికార్డులో మొదటి పాట పేరు 'ఎకో బీచ్'. పేరు చెబితే మీలో కొందరు తెలియదంటారు గాని, వినిపిస్తే "ఓహో, ఇదా" అంటారు. కెనడా రేడియోలో నాలుగు దశాబ్దాలుగా అది వినపడని వేసవి లేదు. ఇంగ్లండులో అది పదో స్థానందాకా వెళ్ళింది. 1981లో జూనో బహుమతుల్లో ఆ ఏటి మేటి పాటగా యాన్ మరే పాటతో కలిసి బహుమతి పంచుకుంది. 2011లో ఒంటారియో ప్లేస్ దగ్గర సరస్సు ఒడ్డున ఆరుబయట కచ్చేరీల స్థలం ఒకటి కట్టినప్పుడు దానికి ఈ పాట పేరే పెట్టారు. అంటే, లేని చోటి మీద పాట రాస్తే, ఆ పాటను చూసి చోటే వెలిసింది. మన దేశంలో స్థలపురాణాలు దీనికి తిరకాసుగా నడుస్తాయి, ముందు స్థలం, తర్వాత పురాణం.

చిక్కు కూడా ఆ పాటతోనే వచ్చింది. మర్రిచెట్టు నీడన మరో మొక్క ఎదగదంటారు. పది పాటల రికార్డులో మొదటిది ఇంత పేరు తెచ్చుకునేసరికి మిగతా తొమ్మిదింటిని అడిగినవాళ్ళు లేరు. కొన్నవాళ్ళు కూడా మొదటి పాట అయిపోగానే ముల్లు లేపి మళ్ళీ మొదటికే పెట్టుకున్నారు. నా మనవి ఏమిటంటే, ఆ ముల్లును అలా వదిలేయండి.

ముందు మనుషుల సంగతి. ఒంటారియో కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చిత్రకళ నేర్చుకునే కుర్రవాళ్ళు డేవిడ్ మిల్లర్, మార్క్ గేన్ 1977లో ఈ బృందాన్ని మొదలుపెట్టారు. అవి పంక్ రోజులు. ప్రతి బృందమూ వినేవాణ్ణి భయపెట్టే పేరు పెట్టుకుంటున్నది. వీళ్ళు పొద్దున కాఫీతో తినే మఫిన్ పేరు పెట్టుకున్నారు. పేరులోనే సగం స్వభావం వుంది. తర్వాత మిల్లర్ తప్పుకుంటే మరో అమ్మాయి చేరింది, ఆమె పేరూ మార్తాయే. ఒకరు మార్తా జాన్సన్, ముఖ్యంగా పాడేదీ ఆర్గన్ వాయించేదీ ఆవిడే. ఇంకొకరు మార్తా లాడ్లీ, ఆవిడ కూడా కీబోర్డు, గాత్రం. మార్క్ గేన్‌ది గిటారు, పాటలు రాయటం. అతని తమ్ముడు టిమ్ గేన్ డ్రమ్ములు, కార్ల్ ఫింకిల్ బేస్ గిటారు, ఆండీ హాస్ శాక్సఫోను. ఆరుగురు. ఇద్దరు మార్తాలుండటం వల్ల పత్రికలవాళ్ళు తికమక పడేవారు. ఒకే బడిలో నలుగురు సత్యనారాయణలున్న క్లాసులో చదువుకున్న మనకు అదొక లెక్కా?

ఇక 'ఎకో బీచ్' పుట్టిన కథ. మార్క్ గేన్ 1978లో దాన్ని రాశాడు. అప్పుడతనికి ఒక వుద్యోగం వుండేది. గోడలకు అంటించే కాగితం, వాల్‌పేపరు, అచ్చయి వస్తూంటే అందులో తప్పులున్నాయేమో చూడటం. అంతే పని. అదే పువ్వు, అదే తీగ, మళ్ళీ అదే పువ్వు, ఎక్కడైనా రంగు అలుక్కుపోతే పట్టుకోవాలి. కళ్ళు కాగితం మీద, మనస్సు మరోచోట. ఆ మనస్సు వెళ్ళిన చోటు టొరంటో పడమటి వైపు సన్నీసైడ్ ఒడ్డు, అక్కడ ఒక వేసవి సాయంకాలం. ఆ సాయంకాలానికి ఒక లేని పేరు పెట్టి పాట చేశాడు. పాటలో మాట్లాడే మనిషి తొమ్మిది నుంచి అయిదు దాకా పనిచేసే ఆఫీసు గుమాస్తా. పొద్దుగుంకటం చూడటమంటే తనకు ఇష్టమనీ, ఇవాళ్టి ఫేషన్‌కు అది సరిపడదనీ ఆ గుమాస్తాకే తెలుసు. ప్రేమలేదు, విరహం లేదు, తిరుగుబాటు లేదు. పని విసుగు, ఒక సాయంకాలం జ్ఞాపకం, రెండే.

మన పత్రిక పాఠకుల్లో ఈ పాటకు నిజమైన హక్కుదారులు ఎంతమంది వున్నారో లెక్కపెట్టుకోండి. 1970ల్లో వచ్చినవాళ్ళం మనం ఏమి చదివి వచ్చాం, ఏ పనిలో చేరాం? వాల్తేరులో ఎమ్మెస్సీ చేసి వచ్చిన నేను మొదటి రెండేళ్ళూ ఒక గిడ్డంగిలో పెట్టెల మీది చీటీలూ, లోపలి సరుకూ సరిపోయాయో లేదో చూశాను. నాతో వచ్చిన కాకినాడ ఇంజనీరు ఒకాయన బిల్లుల్లో అంకెలు కూడేవాడు. ఇంకొకాయన, వరంగల్లులో పాఠాలు చెప్పినవాడు, రాత్రిపూట పార్కింగు గదిలో కూచునేవాడు. "మీకు కెనడా అనుభవం లేదు" అన్న మాట అప్పట్లో ఎన్నిసార్లు విన్నామో! కెనడాలో పని ఇవ్వకుండా కెనడా అనుభవం ఎక్కణ్ణుంచి తెస్తామో ఆ అన్నవాళ్ళూ చెప్పలేదు. తర్వాత అందరం స్థిరపడ్డాం, ఇళ్ళు కొన్నాం, పిల్లలు డాక్టర్లయ్యారు, సంతోషం. కాని ఆ రెండు మూడేళ్ళ గురించి మనం ఒక పాట రాయలేదు. కథలు కొన్ని వచ్చాయి, వాటిలో ఎక్కువ భాగం అమ్మ ఉత్తరంతో మొదలై స్నోతో ముగిసేవే. రోజుకు ఎనిమిది గంటలు ఒకే పువ్వును చూస్తూ కూచున్న మనస్సు ఏం చేస్తుందో రాసినవాడు మనలో ఒక్కడూ కనపడలేదు. ఇక్కడే పుట్టి పెరిగిన ఒక కుర్రవాడు, మనకు మైళ్ళ దూరంలో, మన రోజుల్లోనే, అదే విసుగుతో అదే రాశాడు. ఆ సంగతి మనకు తెలియనేలేదు.

ఇంకో వింత. పోర్ట్ క్రెడిట్‌లోనో క్లార్క్‌సన్‌లోనో గో రైలెక్కి యూనియన్ స్టేషనుకు వెళ్ళేవాళ్ళం కదా. 1967 నుంచీ నడుస్తున్న లైను అది. మిమికో దాటి ఎగ్జిబిషన్ చేరేలోగా కుడిచేతి వైపు కిటికీలో గార్డినర్ రోడ్డు, దాని అవతల సరస్సు కనిపిస్తాయి. అదే సన్నీసైడ్. 1922లో కట్టిన స్నానాల మంటపం ఇప్పటికీ అక్కడ వుంది. పాతికేళ్ళు ఆ కిటికీ పక్క కూచుని ఆంధ్రపత్రిక పాత సంచికలు చదువుకున్న పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. ఆయన రోజుకు రెండుసార్లు ఎకో బీచ్ దాటేవాడు.

మనకు సముద్రపుటొడ్డంటే సూర్యోదయం. కాకినాడైనా, భీమిలైనా, మచిలీపట్నమైనా, మన సముద్రంలోంచి సూర్యుడు పొడుస్తాడు, అస్తమించేది వెనక పొలాల మీదో కొండల మీదో. అందుకే పొద్దుగుంకుతుంటే నీళ్ళ ఒడ్డున కూచోవటమన్నది మన పాటల్లో అంతగా లేదేమోనని నా అనుమానం. ఇది పాటకు సంబంధం లేని మాట, అయినా అచ్చువేయండి అని సంపాదకులకు చెప్పాను.

పాట వినేటప్పుడు గమనించవలసినవి చెబుతాను. మొదట గిటారు ఒక్కటే వస్తుంది, చిన్న పలుకు, చకచకా. దాని మీదకు డ్రమ్ములు, ఆర్గన్ చేరతాయి. నడక హుషారుగా వుంటుంది, ఛాయ మాత్రం దిగులుగా వుంటుంది. నడకకూ ఛాయకూ ఉన్న ఈ ఎడమే పాట ప్రాణం. జాన్సన్ గొంతు చూడండి. గుండె కరిగించే ప్రయత్నం లేదు, కంపితాలు లేవు. ఆఫీసులో హాజరుపట్టీ చదివినట్టు పాడుతుంది. గుమాస్తా అలాగే పాడుతుంది మరి. మధ్యలో ఆండీ హాస్ శాక్సఫోను పైకి లేస్తుంది. అంతవరకూ బిగబట్టుకున్నదంతా ఆ వాయిద్యంలోంచి బయటికొస్తుంది. చివర్లో ఆ లేని వూరి పేరే మళ్ళీ మళ్ళీ పలుకుతూ పోతారు, మన భజనలో నామం పట్టుకున్నట్టు.

రికార్డు చేసింది మాత్రం ఇక్కడ కాదు. వర్జిన్ కంపెనీ తాలూకు డిన్‌డిస్క్ అనే శాఖ వీళ్ళను తీసుకుని 1979లో ఇంగ్లండు రప్పించింది. ఆక్స్‌ఫర్డ్‌షైరులో మానర్ అనే పాత బంగళాలోని స్టూడియోలో, మైక్ హౌలెట్ పర్యవేక్షణలో రికార్డయింది. అదే హౌలెట్ అదే కంపెనీకి ఆర్కెస్ట్రల్ మనూవర్స్ ఇన్ ది డార్క్ అనే ఇంగ్లీషు బృందం 'ఎనోలా గే' పాటను కూడా 1980లోనే చేయించాడు. సింథసైజర్ పాటలంటే ఏమిటో లోకానికి తెలిపిన వాటిలో అది ఒకటి. అట్ట తయారు చేసినది పీటర్ సావిల్, ఆ రోజుల్లో ఇంగ్లండులో రికార్డు అట్టలకు కొత్త రూపం తెచ్చినవాడు. అతను అమ్మాయిల ముఖాలు వేయలేదు, వాయిద్యాలు వేయలేదు. టొరంటో పటం వేశాడు. సర్వే వాళ్ళు గీసే నిజమైన పటం, గీతలూ రోడ్లూ సరస్సు అంచూ అన్నీ వున్నది.

పరాయి దేశంలో కూచుని చేసిన పని మీద సొంత వూరి పటం అతికించుకోవటం! మన ఇళ్ళలో హాల్లో గోడకు ఏం తగిలించి వుందో ఒకసారి తలెత్తి చూడండి. మా ఇంట్లో 1974లో కొన్న ఆంధ్రప్రదేశ్ పటం వుండేది. దాని ప్రకారం ఇప్పటికీ ఒకటే రాష్ట్రం.

ఇక్కడ కాస్త ఆగి, ఈ 'న్యూ వేవ్', 'సింథ్ పాప్' అన్న మాటలేమిటో చెప్పుకోవాలి. పంక్ వాళ్ళు మూడు స్వరాలు, ఒక కేకతో పాట తేల్చేశారు. ఆ వేగాన్నీ, ఆ పొదుపునూ వుంచుకుని, కేక తీసేసి, కాస్త తెలివీ వెటకారమూ కలిపి, గిటారు పక్కన కీబోర్డు పెట్టినవాళ్ళు న్యూ వేవ్ వాళ్ళు. ఆ కీబోర్డే పూర్తిగా పీటమెక్కి గిటారును గుమ్మం బయటికి పంపితే అది సింథ్ పాప్. 'మెట్రో మ్యూజిక్' ఈ రెంటి నడుమ గడప మీద నిలుచున్న రికార్డు. ఆర్గన్, సింథసైజర్ వున్నాయి, గిటారూ శాక్సఫోనూ కూడా వున్నాయి. పూర్తి మరసంగీతం కోరేవాళ్ళకు ఇందులో తక్కువ వుంది. నాకైతే ఈ పాళ్ళే బాగున్నాయి.

"మీటలు నొక్కితే వచ్చే చప్పుడు కూడా సంగీతమేనా?" అని మన పెద్దలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కాని కొత్త ప్రశ్న కాదు. హార్మోనియంలో గమకం పలకదని, అది పరాయి పెట్టె అని, 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. 1971దాకా ఆ నిషేధం నడిచింది. ఆ ముప్ఫయ్యేళ్ళూ మన పల్లెల్లో ఏం జరిగింది? హార్మోనిస్టు లేనిదే పద్యనాటకం తెరలేచిందా? శ్రుతిపెట్టె ముందు కూచున్నవాడు ఒక్క వరస ఎత్తుకుంటే పాండవోద్యోగ విజయాలకు తెల్లవార్లూ జనం కదల్లేదు. మీటకూ మీటకూ మధ్య స్వరం జారదన్నది నిజమే. ఆ లోటును ఏ గొంతు ఎలా పూడ్చుకుంటుందన్నదే చూడవలసింది. మన నటుడు రాగాలాపనతో పూడ్చాడు. జాన్సన్ పూడ్చదు. ఆ లోటునే వాడుకుంటుంది. మీటలాగే తనూ సూటిగా పలుకుతుంది, అందుకే గుమాస్తా మాట నమ్మబుద్ధవుతుంది.

సింథసైజరు మనకు అంత పరాయిదీ కాదు. 1982లో బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసే చరణ్‌జిత్ సింగ్ జపాను యంత్రాలు తెచ్చుకుని పది హిందూస్తానీ రాగాలను డిస్కో తాళానికి వాయించి ఒక ఎల్పీ చేశాడు. భూపాలి అంటే మన మోహనం, మాల్కౌన్స్ అంటే మన హిందోళం, యమన్ కళ్యాణి, వాళ్ళ తోడి మన శుభపంతువరాళి. అప్పుడెవరూ కొనలేదు. 2010లో మళ్ళీ వేస్తే లోకమంతా నోరు వెళ్ళబెట్టింది. మద్రాసులో ఇళయరాజా 1986లో ఒక సినిమాకు కంప్యూటరుతో సంగీతం చేశాడని గొప్పగా చెప్పుకున్నాం. తెలుగులో అది 'డాన్స్ మాస్టర్'గా వచ్చింది. ఆ రోజుల్లోనే మన రాజ్–కోటి దగ్గర కీబోర్డు వాయిస్తున్న కుర్రవాడు తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. కాబట్టి "వాళ్ళ చప్పుడు, మన సంగీతం" అనే గోడకు పునాది అంత గట్టిది కాదు.

సరే, రికార్డుకు వద్దాం. మొదటి వైపు అయిదు, రెండో వైపు అయిదు. మొత్తం నలభై నిమిషాల లోపే, మన సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదికకు పట్టేంత.

'ఎకో బీచ్' కాగానే 'పెయింట్ బై నంబర్ హార్ట్' వస్తుంది. పిల్లలకు బొమ్మలు కొంటాం చూడండి, గడికో అంకె వేసి వుంటుంది, అంకెను బట్టి రంగు నింపితే పటం తయారు. అలాంటి హృదయమట. వాల్‌పేపరులో తప్పులు వెతికినవాడికి కాక ఇంకెవరికి తడుతుంది ఈ పేరు? మొదటి పాటలోని దిగులు ఇందులో వెటకారమవుతుంది. ఈ రెంటినీ పక్కపక్కన వింటేనే మొదటి పాటలోని గుమాస్తా వుత్త స్వాప్నికుడు కాదని, తన మీద తనే నవ్వుకోగలవాడని తెలుస్తుంది. ఒక్క పాట విని వదిలేసినవాళ్ళకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

మూడోది 'సైగాన్'. పేరు చదివి ఆగాను. 1975లో ఆ వూరు పడిపోయింది. 1979, 80 సంవత్సరాల్లో ఇండోచైనా నుంచి అరవై వేలమంది శరణార్థులను కెనడా తెచ్చుకుంది. అంటే టొరంటోలో ఈ ఎల్పీ దుకాణాల్లోకి వచ్చిన రోజుల్లోనే ఆ వూరివాళ్ళు పియర్సన్ విమానాశ్రయంలో పలచటి చొక్కాలతో దిగుతున్నారు. అప్పటికి మనం కొంచెం పాత కాపులం, చలికోట్లు కొనుక్కున్నవాళ్ళం. గుడులూ చర్చిలూ ఇరుగుపొరుగులూ కలిసి ఒక్కో కుటుంబాన్ని దత్తత తీసుకున్నట్టు తెచ్చుకున్నారు. దూరపు వూరి పేరు ఇలా నగరం పాటల మధ్యలో రావటం యాదృచ్ఛికమే కావచ్చు, విన్నప్పుడు మాత్రం అలా అనిపించదు.

'ఇన్‌డెసిషన్', 'టెర్మినల్ ట్వైలైట్'లతో మొదటి వైపు పూర్తి. ఎటూ తేల్చుకోలేకపోవటం ఒకటి, స్టేషనులో మసకవేళ ఒకటి. పేర్లు చూస్తే చాలు, ఈ మనుషుల రోజు ఎలా గడుస్తోందో అర్థమవుతుంది. మెట్రో అన్నది వుత్తి పేరు కాదు. మెట్రో టొరంటో అని అప్పట్లో నగరపాలనకే పేరు. ఈ రికార్డు తయారైన 1979లోనే, నవంబరు 10 రాత్రి, మావిస్ రోడ్డు దగ్గర రసాయనాల రైలు పట్టాలు తప్పి రెండు లక్షల పైచిలుకు మంది మిస్సిసాగా ఖాళీ చేశాం. ఆ వారం రోజులూ డౌన్‌టౌనులోని స్నేహితుల ఇళ్ళలో నేలమీద పడుకున్నవాళ్ళకు ఈ నగరం అంటే ఏమిటో అప్పుడే కాస్త తెలిసింది. అంతకుముందు మనకు నగరమంటే ఆఫీసు, జెరార్డ్ వీధిలో కందిపప్పు.

రెండో వైపు 'హైడ్ అండ్ సీక్', 'మోనోటోన్', 'సింకింగ్ లాండ్', 'రివెంజ్', చివర 'చీజీస్ అండ్ గమ్'. 'మోనోటోన్' అంటే ఒకే స్వరం. వినేవాణ్ణి విసిగించకుండా విసుగును పాడటం చాలా కష్టం, వీళ్ళకు అది చేతనయింది. 'రివెంజ్' దగ్గర మాత్రం నాకు కొంచెం అసంతృప్తి. లోకం మీద పగ అనే పేరుకు తగ్గ కారం అందులో లేదు. ఈ బృందానికి కోపం రాదు, రానిచోట తెచ్చిపెట్టుకున్నారనిపించింది. ఆ లోటు చివరి పాట తీరుస్తుంది. చీజీలంటే ఏమిటో మన పిల్లలకు చెప్పనక్కరలేదు. మొక్కజొన్న పిండితో చేసి జున్నుపొడి చల్లిన చిరుతిండి, బెల్విల్ వూరి హాకిన్స్ వాళ్ళది ఈ దేశంలో పేరున్న సరుకు. చూడటానికి మన జంతిక ముక్కల్లా వుంటాయి, వేళ్ళకు నారింజరంగు అంటుతుంది. సముద్రపుటొడ్డు కలతో మొదలైన రికార్డు చిరుతిండి, చూయింగ్ గమ్‌తో ముగుస్తుంది. నాకు నచ్చిన ముగింపు అది. పెద్ద మాటలేవీ చెప్పకుండా చేతులు దులుపుకుని లేచిపోవటం.

ఇవన్నీ మన పిల్లలు మనకంటే ముందే విన్నారు. ఎలా విన్నారన్నది చెప్పుకోవాలి. 1980ల్లో బ్రాంప్టన్‌లో ఒక చిన్న ఇంట్లోంచి 102.1 మీద సీఎఫ్ఎన్‌వై అనే స్టేషను పలికేది. డేవిడ్ మార్స్‌డెన్ నడిపేవాడు. పెద్ద స్టేషన్లు ముట్టుకోని కొత్త రికార్డులు, ఇంగ్లండువీ ఇక్కడివీ, వాళ్ళు మొత్తంగా తిప్పేవారు. రష్ బృందం ఆ స్టేషను నినాదాన్ని తీసుకునే 1980లో 'ది స్పిరిట్ ఆఫ్ రేడియో' పాట కట్టింది. మన ఇళ్ళు దానికి పక్కవూళ్ళోనే కదా, చక్కగా అందేది. పైన హాల్లో ఘంటసాల భగవద్గీత, కింద బేస్‌మెంట్‌లో సీఎఫ్ఎన్‌వై. మధ్యలో ఒక మెట్ల వరస, ఒక తలుపు. "సౌండ్ తగ్గించు" అన్నది ఆ మెట్ల మీదుగా ఎక్కువగా దిగిన మాట. పైవాళ్ళు కిందికి గాని, కిందివాళ్ళు పైకి గాని వెళ్ళి పక్కన కూచుని విన్న ఇళ్ళు ఎన్ని?

నాకు తెలిసిన ఒక ఇల్లు వుంది. ఆ తండ్రి వీణ వాయించేవాడు. కూతురు పద్నాలుగేళ్ళది, ఈ పాటలోని మొదటి గిటారు పలుకు తనకు వీణ మీద కావాలని అడిగింది. ఆయన ఏమీ అనకుండా రెండుసార్లు విని, మెట్లు సర్దుకుని, వాయించి చూపించాడు. తర్వాత తను అడిగినప్పుడు ఆ అమ్మాయి మాయామాళవగౌళ వరసలు విసుక్కోకుండా నేర్చుకుందట. ఆ అమ్మాయికి ఇప్పుడు యాభై దాటాయి. తండ్రి లేడు. వీణ ఆమె దగ్గరే వుంది. పోయిన దసరాకు వాళ్ళింటికి వెళితే బొమ్మలకొలువు పక్కనే గోడకు ఆనించి టొరంటో పటం వున్న ఈ ఎల్పీ అట్ట కనిపించింది. "నాన్నగారి రికార్డు," అంది.

తర్వాతి చరిత్ర క్లుప్తంగా. అదే 1980లో 'ట్రాన్స్ అండ్ డాన్స్' అనే రెండో ఎల్పీ వచ్చింది, హడావుడి పని. తర్వాత లాడ్లీ తప్పుకుంది. చాలా ఏళ్ళకు తను చదివిన కళాశాల, ఇప్పుడది విశ్వవిద్యాలయం, అందులోనే ఆచార్యురాలయింది. 1981లో బృందం ఇంటికి తిరిగొచ్చి, హామిల్టన్‌లో గ్రాంట్ ఎవెన్యూ స్టూడియోలో డేనియల్ లన్వాతో కలిసి 'దిస్ ఈజ్ ది ఐస్ ఏజ్' చేసింది. లన్వా చెల్లెలు జోస్లిన్ అందులో బేస్ వాయించింది. లన్వా పేరు తర్వాత లోకమంతా తెలిసింది గాని, అప్పటికి అతను మనకు క్యూఈడబ్ల్యూ మీద గంట దూరంలో పనిచేసుకుంటున్న మనిషి. సంగీతంగా చూస్తే ఆ రికార్డు ఇంకా లోతైనదని కొందరు వాదిస్తారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. అయితే ముందు 'మెట్రో మ్యూజిక్' విని, తర్వాత దానికి వెళ్ళండి. మంచుయుగం అన్న పేరు మనకు జనవరిలో ఎలాగూ అర్థమవుతుంది.

వినదలచినవాళ్ళకు రెండు మాటలు. పాత ఎల్పీ దొరికితే మంచిదే, అట్ట కోసమైనా కొనవచ్చు. లేకపోతే ఫోనులో వినండి, కాని పాటల వరస కలగాపులగం చేసే మీట ఒకటుంటుంది, అది ఆపండి. చిన్న స్పీకరులో ఆర్గన్ వినపడుతుంది గాని బేస్ వినపడదు. కారులో వింటే మేలు. లేక్‌షోర్ రోడ్డు మీద పోర్ట్ క్రెడిట్ నుంచి తూర్పుగా బయల్దేరి మొదటి పాట పెడితే, దారి ఖాళీగా వుంటే, రెండో వైపు మొదలయ్యేసరికి సన్నీసైడ్ దరిదాపుల్లో వుంటారు. అక్కడ బండి ఆపుకోవటానికి చోటుంది. జూన్‌లో అయితే తొమ్మిది గంటలకు పొద్దుగుంకుతుంది, పులిహోర తీసుకెళ్ళండి.

ఎరిన్ మిల్స్ సోదరికి విడిగా ఒక సంగతి: మీ అబ్బాయి దగ్గర వున్నది రెండోసారి వేసిన సీడీ అయితే అట్ట చిన్నది, వీధుల పేర్లు కళ్ళద్దాలు పెట్టుకున్నా కనపడవు. నా ఎల్పీ పంపిస్తాను, వచ్చే సమావేశానికి తెచ్చివ్వండి. గీతలు పడితే ఫరవాలేదు, ఇప్పటికే వున్నాయి.

వచ్చే నెల బర్లింగ్టన్ కుర్రవాళ్ళు స్పూన్స్ 1982లో చేసిన 'ఏరియాస్ అండ్ సింఫనీస్' గురించి. అందులో సింథసైజరు నిజంగానే పీటమెక్కింది.